నా ఎడమ చెవి, దేవరాజు కుడికాలు

ఆ రోజు క్యాంపు గేటు దగ్గర ఎవరికీ ఏమీ కాలేదని పైకి రిపోర్టు వెళ్లింది. రిపోర్టులో తప్పేమీ లేదు. గుంపులో ఎవరూ చనిపోలేదు, మావాళ్లలో ఎవరికీ నెత్తురు కారలేదు. నా ఎడమ చెవి ఒక్కటి పోయింది. నెత్తురు రాలేదు కాబట్టి అది లెక్కలోకి రాలేదు.

నా పేరు మునిరత్నం. మాది మాధవరం. పుట్టి పెరిగింది మద్రాసులోనే అయినా ఇంట్లో మాది తెలుగే. సైన్యంలో హవల్దారుగా చేశాను. రిటైర్ కావడానికి కొంత ముందు మా బెటాలియన్‌ను ఆఫ్రికాలో ఒక దేశానికి శాంతి రక్షణ పనిమీద పంపారు. ఊళ్లు వదిలి పారిపోయి వచ్చిన జనం మా క్యాంపు పక్కనే గుడారాలు వేసుకుని ఉండేవారు. వాళ్లను కాపాడటం మా పని.

మేము క్యాంపు ఎత్తేసి వెళ్లిపోతున్నామని ఆ పొద్దున ఎవరో పుకారు లేపారు. నిజం కాదు. కానీ ఎప్పుడు ఎవరు తుపాకులతో వచ్చి పడతారోనని భయపడుతూ బతికే జనానికి నిజానిజాలు తేల్చుకునే ఓపిక ఎక్కడిది? గేటు ముందు పోగయ్యారు. ఆడవాళ్లే ఎక్కువ. ముందు అరిచారు, తరువాత రాళ్లు వేశారు.

ఇలాంటప్పుడు ఏం చేయాలో మాకు బాగా నేర్పారు. మా మేజర్ సాబ్ దాన్ని మెట్లు అనేవాడు. మొదటి మెట్టు, దుబాసీ చేత మైకులో వాళ్ల భాషలో చెప్పించడం. తరువాత షీల్డులు పట్టుకుని వరసగా నిలబడటం. తరువాత కళ్లు మండే పొగ. ఆ తరువాత స్టన్ గ్రెనేడ్. అది పెద్ద చప్పుడు, పెద్ద వెలుగు, అంతే. చివరి మెట్టు రైఫిల్. "ఈ జనాన్ని కాపాడటానికి వచ్చాం. వీళ్ల మీదే గుండు పేలిస్తే మనం ఇక్కడ ఉండి ఏం లాభం?" అని ఆయన రోజూ చెప్పేవాడు.

పొగ దాకా ఉన్న ఈ మధ్య మెట్లనీ, స్టన్ గ్రెనేడ్‌నీ కలిపి నాన్-లీథల్ అంటారు. ప్రాణం తీయనివి. క్లాసు చెప్పిన ఆఫీసరు ఒకాయన, ఇప్పుడు లెస్-లీథల్ అనాలంటున్నారనీ, అసలు హాని లేని ఆయుధం అంటూ ఉండదనీ చెప్పాడు. అందరం తల ఊపాం. నాన్‌కీ లెస్‌కీ మధ్య నా చెవి ఇరుక్కుంటుందని అప్పుడు నాకేం తెలుసు.

చెవుల్లో ప్లగ్గులు ఉన్నాయి. కానీ మేజర్ సాబ్ ఎడమవైపు నుంచి ఏదో అరుస్తున్నాడు, వినపడటం లేదు. ఆర్డరు వినాలని ఎడమ ప్లగ్గు తీసి జేబులో వేసుకున్నాను. అదే క్షణంలో మావాడొకడు విసిరిన స్టన్ గ్రెనేడ్ గేటు స్తంభానికి తగిలి వెనక్కి వచ్చి నా పక్కన పడింది. తెల్లటి వెలుగు ఒకటి. ఆ తరువాత ప్రపంచమంతా నోరు మూసుకుంది.

గుంపు చెదిరిపోయింది. ఎవరో ఆడమనిషి పరుగులో వదిలేసిన రబ్బరు చెప్పు ఒక్కటి గేటు ముందు పడి ఉంది. నేను దాన్నే చూస్తూ నిలబడ్డాను. కాసేపటికి ఎడమ చెవిలో సన్నని కూత మొదలైంది, కుక్కరు విజిల్ వేయబోయే ముందు లోపల్లోపల సొద పెడుతుందే, అలా. అది ఇప్పటికీ ఆగలేదు.

మెడికల్ రూములో డాక్టరు, వినపడుతోందా అని అడిగాడు. కుడి చెవితో విన్నాను. వినపడుతోంది సాబ్ అన్నాను. రెండు రోజుల్లో పోతుందిలే అని అందరూ అన్నారు. నేనూ అలాగే అనుకున్నాను.

ఇక దేవరాజు గురించి చెప్పాలి. అతన్ని వదిలేసి నా జబ్బు చెప్పడం కుదరదు.

దేవరాజు నా షడ్డకుడు. నా భార్య ధనం చెల్లెలు కోమలను చేసుకున్నాడు. పారామిలిటరీ దళంలో పనిచేస్తూ ఒక అడవిలో కాల్పులు జరిగినప్పుడు కుడి తొడలో గుండు దిగింది. మెడల్ ఇచ్చి ఇంటికి పంపారు. ఇప్పుడు మద్రాసులోనే, జార్జి టౌన్‌లో మా మామగారి మిరపకాయల హోల్‌సేల్ కొట్టు చూసుకుంటున్నాడు. కొట్టులో దేవుడి పటాల పక్కన అతను మెడల్ అందుకుంటున్న ఫోటో ఉంటుంది. సరుకు కోసం వచ్చినవాడు ముందు దండం పెట్టుకుంటాడు, తరువాత "కాలు ఎట్లుండాది అన్నా?" అని అడుగుతాడు, ఆ తరువాతే మిరపకాయల రేటు.

నా చెవి ఎలా ఉందని ఇన్నేళ్లలో ఒక్కడూ అడగలేదు.

కొట్టున్న సందులో దేవరాజు కుంటుతూ వస్తుంటే తోపుడుబండివాళ్లు బండి ఆపి దారి ఇస్తారు. అదే బండి నాకు ఎడమవైపు నుంచి వస్తే నాకు తెలియదు. వాడు అరిచి అరిచి, చివరికి పక్కటెముకల దగ్గర బండి తగిలించి, "చెవుడా నీకు?" అని తిడతాడు. ఔను నాయనా, చెవుడే. కానీ చెవుడు అన్న మాట మన ఊళ్లో జబ్బు పేరు కాదు, తిట్టు.

ఆదివారం రెండు కుటుంబాలూ కొట్టు పైనే ఉన్న అత్తగారింట్లో కలుస్తాం. దేవరాజుకు చేతుల కుర్చీ. నాకు బెంచీ. మా అత్త అతని కోసం పొద్దున్నుంచీ మేకకాళ్ల సూపు కాచి, "కాలికి బలం నాయనా, వేడిగా తాగండి" అని లోటాలో పోసి ఇస్తుంది. మిరియాల వాసన ఇల్లంతా కమ్ముకుంటుంది. కాలికి కాళ్ల సూపు ఉంది, చెవికి ఏ సూపు పోస్తారు? ఒకసారి నోరు జారి అడిగేశాను కూడా. అత్త నవ్వి, "మీ మామకి రెండు చెవులుండీ నా మాట వినపడదు, మీకేం నాయనా, ఒకటన్నా పనిచేస్తా ఉండాదే" అంది. అందరూ నవ్వారు. దేవరాజు అందరికంటే ఎక్కువ నవ్వాడు.

పట్టాసు అన్న మాట కూడా ఆ ఇంట్లోనే పుట్టింది. తమిళంలో పట్టాసంటే టపాకాయ. నాకు తగిలింది గుండు కాదు, బాంబు కాదు, స్టన్ గ్రెనేడ్ అని నేను ఎంత వివరంగా చెప్పినా, "అంటే పట్టాసే కదా" అని తేల్చేశారు. దేవరాజు పిల్లలు నన్ను పట్టాసు పెదనాన్న అంటారు. మా అమ్మాయి అతన్ని మాత్రం సోల్జర్ చిత్తప్పా అంటుంది, సోల్జర్ బాబాయి అని. నేను సోల్జర్ని కానా? నాకు కడుపు మండేది. దాచడం దేనికి, ఆ కాలు నాదై ఉంటే బాగుండునని చాలాసార్లు అనుకున్నాను. పంద్రాగస్టుకు మా అపార్ట్‌మెంటులో జెండా ఎగరేయడానికి దేవరాజునే పిలిపించారు, అదీ నా చేత ఫోన్ చేయించి. నన్ను కుర్చీలు వేయించమన్నారు.

రిటైరై వచ్చాక మా మాధవరం దగ్గరే ఉన్న మనలిలో ఒక కెమికల్ ఫ్యాక్టరీలో సెక్యూరిటీ సూపర్‌వైజరుగా చేరాను. చెవి సంగతి అక్కడ బయటపడింది. నెలనెలా సైరన్ డ్రిల్ ఉంటుంది. గ్యాస్ లీకైతే సైరన్ ఎటు మోగుతుందో విని దానికి ఎదురు దిక్కుకు జనాన్ని పంపాలి. ఒంటి చెవికి దిక్కు తెలియదు. శబ్దం ఉందని తెలుస్తుంది, ఎక్కణ్నుంచో తెలియదు. ఒక డ్రిల్లులో నేను అందరినీ సైరన్ వైపే నడిపించాను. సేఫ్టీ ఆఫీసరు కోప్పడలేదు. చెవి పరీక్ష చేయించుకుని ఫిట్ అని కాగితం తెస్తేనే మళ్లీ గేటు డ్యూటీ అన్నాడు. అంతదాకా నన్ను కెమెరాల గదిలో కూర్చోబెట్టారు.

ఇంట్లోనూ అదే గొడవ. టీవీ సౌండు పెంచేవాణ్ని. మా అమ్మాయి హేమ "అప్పా, కొంచం కొరైప్పా" అని తమిళంలో విసుక్కునేది. తగ్గిస్తున్నానులేమ్మా అని నేను తెలుగులో అనేవాణ్ని. మా ఇంట్లో మాటలు అలాగే నడుస్తాయి. ఆ పిల్ల తమిళంలో అడుగుతుంది, నేను తెలుగులో జవాబిస్తాను. ఇద్దరికీ అది రెండు భాషలని గుర్తుండదు. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పని ఉంది.

చివరికి ధనమే నన్ను ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి లాక్కుపోయింది. ఆ డాక్టరమ్మ నెమ్మదిగా, ముఖం నా వైపు తిప్పి మాట్లాడే మనిషి. ముందు ప్యూర్ టోన్ ఆడియోమెట్రీ చేశారు. గాజు గదిలో కూర్చోబెట్టి, చెవికి హెడ్‌ఫోన్ పెట్టి, కూత వినపడినప్పుడల్లా బటన్ నొక్కమంటారు. నాకు ఎప్పుడూ ఒక కూత వినపడుతూనే ఉంటుంది, ఏది వాళ్లదో ఏది నాదో తెలుసుకునేసరికి చెమట పట్టింది.

డాక్టరమ్మ గ్రాఫు చూపించింది. "కుడిది వయసుకు తగ్గట్టు ఉంది. ఎడమది సెన్సరీ న్యూరల్ హియరింగ్ లాస్. బ్లాస్ట్ వల్ల లోపలి సెల్స్ దెబ్బతిన్నాయి. ఆ కూతను టినిటస్ అంటాం. దెబ్బ తగిలిన మొదటి రోజుల్లోనే వచ్చి ఉంటే స్టెరాయిడ్ ఇచ్చి చూసేవాళ్లం. ఇప్పుడు ఆ టైమ్ దాటిపోయింది." ఒక్క చెవే ఇలా ఉంది కాబట్టి లోపల గడ్డ లాంటిదేమీ లేదని తేల్చుకోవాలని ఎంఆర్ఐ రాసింది.

మీరు నమ్మరు గానీ, ఆ ఎంఆర్ఐలో ఏదో ఒకటి కనబడాలని కోరుకున్నాను. దేవరాజు దగ్గర ఒక ఎక్స్‌రే ఉంది. తొడ ఎముక పక్కన గుండు ముక్క తెల్లగా మెరుస్తూ ఉంటుంది. తీస్తే నరం దెబ్బతింటుందని డాక్టర్లు దాన్ని అలాగే వదిలేశారు. చుట్టాలు వస్తే కోమల ఆ ఫిల్మును కిటికీకి అడ్డం పెట్టి చూపిస్తుంది. ఆ ముక్క ఉంది కాబట్టి అతనికి ఎంఆర్ఐ తీయకూడదన్నారట, అది కూడా గొప్పగా చెప్పుకుంటుంది. నాకూ ఒక మచ్చ, ఒక నల్ల గీత, కిటికీకి పెట్టి చూపించుకునేది ఏదైనా దొరుకుతుందని ఆశపడ్డాను. డాక్టరమ్మ ఫిల్ములు చూసి, "కంగ్రాట్స్, అంతా నార్మల్" అంది. ఆ నార్మల్ అన్న మాటకు నాకు ఏడుపొచ్చింది. ధనం సంతోషంతో అనుకుంది.

ఇక మిగిలింది హియరింగ్ ఎయిడ్. అది పెట్టాలంటే ఎడమ చెవి నరం మాటలను పట్టుకోగలదో లేదో చూడాలి. దాన్ని స్పీచ్ డిస్క్రిమినేషన్ టెస్ట్ అంటారు. నా చెవి భవిష్యత్తంతా దాని మీదే ఉంది. పరీక్ష పెట్టే ఆడియాలజిస్టు చిన్నపిల్ల, తిరునెల్వేలి వైపు నుంచి వచ్చింది, తెలుగు ఒక్క ముక్క రాదు. గాజుకు అవతల కూర్చుని, "ఒక్కో మాట అంటాను, ఏం వినపడుతుందో చెప్పండి సార్" అని తమిళంలో చెప్పింది. నోరు కనబడకుండా ఒక అట్ట అడ్డం పెట్టుకుంది. కుడి చెవి అయింది, ఎడమ చెవి అయింది. నేను బాగానే చెప్పాననుకున్నాను. చాలా మాటలు పట్టుకున్నాననే నమ్మకం.

డాక్టరమ్మ కాగితం చూసి కళ్లద్దాలు తీసింది. "కుడి చెవి ఎక్సలెంట్. ఎడమ చెవి వెరీ పూర్. శబ్దం లోపలికి పోతోంది గానీ నెర్వ్ దాన్ని మాటగా మార్చడం లేదు. ఎయిడ్ పెడితే రొదే పెరుగుతుంది, మాట రాదు. మీ డబ్బు వేస్ట్ చేయించడం నాకు ఇష్టం లేదు."

అంటే చెవి చచ్చిపోయినట్టే. ప్రాణం తీయని ఆయుధం ఆ ఒక్కదాని ప్రాణం తీసిందన్నమాట.

ఆ తరువాతి నెలల సంగతి మా ఇంట్లో వాళ్లే చెప్పాలి. కూత పెరిగింది. నిద్ర పట్టేది కాదు. నడుస్తుంటే ఎడమవైపుకు తూలేవాణ్ని. ఒకసారి స్నానాల గదిలో పడ్డాను. డాక్టరమ్మ వర్టిగో అని చెప్పి, తల తిప్పే వ్యాయామాలు నేర్పింది. ఒక చెవిన విని ఇంకో చెవిన వదిలేయమంటారు పెద్దలు. నాకు ఆ సౌకర్యం లేదు. కుడి చెవిన విన్నదంతా లోపలే ఉండిపోయేది, బయటికి పోయే ద్వారం మూసుకుపోయింది. దేవరాజు గురించి విన్న ప్రతి మెప్పుదలా అలాగే లోపల ఉండి కుళ్లింది. ఒక ఆదివారం అత్త నాకు కూడా లోటాలో సూపు పోసింది. తాగకుండా వచ్చేశాను.

ఇంటికొచ్చాక ధనం ఎదురుగా కూర్చుంది. "అసలు ఆ పిల్ల ఏం మాటలు అడిగింది, ఏం చెప్పినారు మీరు?" అంది. ఎందుకు అడిగిందో తెలియదు, నన్ను మాటల్లో పెట్టాలనేమో.

"ఏముంది, చిన్నచిన్న మాటలే. ఇలై అనింది."

"మీరేం చెప్పినారు?"

"ఆకు అన్నా."

ధనం నా ముఖంలోకి చూసింది. "ఇంగా?"

"మరం అనింది, చెట్టు అన్నా. తణ్ణి అనింది, నీళ్లు అన్నా. పల్ అనింది, పన్ను అన్నా. అన్నీ కరెక్టుగానే చెప్పినా ధనం. ఎందుకు తప్పేసిందో ఆ పిల్లకే తెలియాల."

ధనం నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూ నవ్వుతూ నేల మీద కూర్చుండిపోయింది. "అయ్యో రామా, ఆ పిల్లకి తెలుగొస్తే కదా? విన్న మాటే తిరిగి చెప్పమనింది మిమ్మల్ని. అర్థం చెప్పమన్లేదు."

నాకు చాలాసేపు బుర్రకెక్కలేదు. మరి కుడి చెవికి అన్నీ రైటు ఎలా పడ్డాయి? ఆలోచిస్తే అర్థమైంది. కుడి చెవిలో మాట మాటలాగే స్పష్టంగా వచ్చింది, చిలకలా తిరిగి అనేశాను. ఎడమ చెవిలో మాట నలిగిపోయి వస్తుంది, తడుముకుని అర్థం పట్టుకోవాలి. పట్టుకున్న అర్థం నాకు తెలుగులో వస్తుంది. ఇంట్లో హేమకు చెప్పినట్టే అక్కడా చెప్పేశాను. మద్రాసు తెలుగువాడు తప్ప ఇంకెవడూ ఈ తప్పు చేయడు.

మళ్లీ వెళ్లాం. డాక్టరమ్మ విని, ముందు నమ్మలేదు, తరువాత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. తెలుగు మాటల జాబితా తెప్పించింది. ఆ పిల్లకు తెలుగు చదవడం రాదు కాబట్టి తెలుగు తెలిసిన ఇంకో ఆడియాలజిస్టు వచ్చేరోజు చూసి రమ్మన్నారు. ఈసారి విన్నది విన్నట్టు చెప్పాను. పాలు అంటే కాలు అన్నాను, తాడు అంటే పాడు అన్నాను, ఆ తప్పులు నిజమైన తప్పులు. మిగతావి చాలావరకు పట్టుకున్నాను. "ఫెయిర్లీ గుడ్" అంది డాక్టరమ్మ. "నెర్వ్ బతికే ఉంది. ట్రయల్ పెడదాం."

హియరింగ్ ఎయిడ్‌లు చూపించారు. చెవి లోపలికి పోయి కనబడకుండా ఉండే చిన్నది ఒకటి, చెవి వెనక తగిలించుకునే పెద్దది ఒకటి. "చిన్నది బయటికి తెలియదు సార్, అందరూ అదే అడుగుతారు" అన్నారు. నాకు పెద్దదే ఇవ్వమన్నాను. ఎర్ర రంగులో ఉందా అని కూడా అడిగాను. ధనం నా మోచేయి గిల్లింది. కనబడాలి నాకు. చూసినవాడు ఇదేమిటని అడగాలి. మొత్తానికి నా చెవుడుకు పెద్దదే సరిపోతుందని డాక్టరమ్మ కూడా అంది కాబట్టి గొడవ లేకుండా పోయింది. రంగు మాత్రం బూడిదే.

పెట్టుకున్న మొదటి వారం నరకం. బస్సు హారన్లు, గిన్నెల చప్పుడు, నా చొక్కా కాలరు రాసుకునే చప్పుడు కూడా మెదడులోకి గుచ్చుకున్నాయి. తీసి బీరువాలో పడేశాను. ఆడియాలజిస్టు, "అన్నేళ్లు మూసి ఉన్న ఇంటి తలుపు తీస్తే దుమ్ము లేస్తుంది కదా సార్. రోజూ కాసేపు పెంచుకుంటూ పొండి" అని సెట్టింగులు తగ్గించి ఇచ్చింది. మెల్లగా అలవాటైంది. కూత పోలేదు గానీ, మిగతా శబ్దాల్లో కలిసి వెనక్కి తగ్గింది.

ఎయిడ్ పెట్టుకుని జార్జి టౌన్ వెళ్లిన మొదటి ఆదివారం నేను పెళ్లికొడుకులా ఉన్నాను. పిల్లలు చుట్టూ మూగారు. అత్త వేలితో తాకి చూసింది. దేవరాజు మాత్రం దూరం నుంచే చూసి, "మంచిది అన్నా" అన్నాడు, అంతే.

ఒక సంగతి చెప్పలేదు మీకు. భోజనాలయ్యాక మేమిద్దరం మేడమీద వరండాలో కూర్చుంటాం. ఆదివారం హోల్‌సేల్ కొట్లు మూసి ఉంటాయి, సందంతా సద్దుమణిగి ఉంటుంది. అతను ఎప్పుడూ నా ఎడమవైపు కూర్చుని, కాలు స్టూలు మీద చాపుకుని, వీధిలోకి చూస్తూ నా కుడి చెవికి కూడా అందనంత సన్నగా ఏదో గొణుగుతుండేవాడు. నాకు వినపడదని తెలిసీ నన్నే ఏదో అంటున్నాడని, ఎగతాళి చేస్తున్నాడని నా ఒళ్లు మండేది. ఎయిడ్ వచ్చాక కుర్చీ కుడివైపుకు మార్చుకున్నాడు. గొణుగుడు ఆగిపోయింది. క్రికెట్, మిరపకాయల రేట్లు, అంతే. నాకు లోపల ఎంత సంతోషమో చెప్పలేను. ఇన్నాళ్లు నేను ఏడ్చాను, ఇప్పుడు నువ్వు ఏడువు అనుకున్నాను. నాకూ కనబడే గాయం ఒకటి వచ్చేసరికి ఓర్చుకోలేకపోతున్నాడని నా నమ్మకం.

మొన్న ఎండాకాలంలో ఒక ఆదివారం అన్నం తింటుండగానే బ్యాటరీ అయిపోయింది. కొత్తది తరువాత వేద్దాంలే అని ఎయిడ్ తీసి జేబులో వేసుకుని మేడమీదికి వెళ్లాను. దేవరాజు వచ్చాడు. నా చెవి వైపు చూశాడు. ఖాళీగా ఉంది. కుర్చీని ఈడ్చుకుంటూ నా వెనక నుంచి ఎడమవైపుకు తెచ్చుకున్నాడు. కాలు చాపుకున్నాడు. గొణగడం మొదలుపెట్టాడు.

నేను కదలకుండా వీధిలోకే చూస్తున్నాను. మాటలు రాలేదు. అన్నా అన్నది ఒకటి తెలిసింది. ఇల్లు, పోవడం, అలాంటిదేదో. ఆడనే, ఆడనే అని రెండు మూడుసార్లు. ముక్కలు ముక్కలుగా వచ్చి, నలిగి, చివరికి ఆ చెవికి అలవాటైన పద్ధతిలో అర్థం ఒక్కసారిగా తెలుగులో వచ్చి నిలబడింది. నీవాళ్లు ఇళ్లకు పోయారు, నావాడు అక్కడే ఉన్నాడు.

జేబులోంచి ఎయిడ్ తీశాను. పర్సులో పెట్టుకున్న కొత్త బ్యాటరీ అతని కళ్లముందే వేసి, చెవికి తగిలించుకున్నాను.

"మళ్లీ చెప్పు" అన్నాను.

దేవరాజు ముఖంలో నెత్తురు చుక్క లేదు. "ఏం లేదన్నా, ఊరికే."

"నావోడు ఆడనే ఉండాడు అంటివే. ఎవుడు?"

స్టూలు మీది కాలిని రెండు చేతులతో కిందికి దించుకున్నాడు. తరువాత చెప్పాడు. "నన్ను కాల్చినోడు. నేనూ కాల్చినా గదా. చిన్నోడన్నా, మన హేమ వయసుంటాది. నన్ను హెలికాప్టర్లో ఎక్కించుకోని పోయినారు. వాడు ఆ చెట్ల నడాన ఆడనే ఉండిపోయినాడు. ఇంగా ఆడనే ఉండాడు నాకు."

నేను ఎడమ చెవి అతని వైపు వంచాను.

"నీ చేతిలో షీల్డుండె, పొగుండె, ఆ పట్టాసుండె. మెట్లు, మెట్లు అంటావే, నీకు అన్ని మెట్లుండె. నాకాడ రైఫిలొకటే. ఇంగో మెట్టు ఎక్కడిదన్నా నాకు?" అతని గొంతు తగ్గిపోయింది, అయినా ఎడమ చెవికి ప్రతి మాటా వచ్చింది. "నువ్వు ఆ గేటు కత చెప్పినప్పుడల్లా, ఎవురూ సావలే, ఎవురూ సావలే, ఆ జనమంతా తిరిగి పోయినారు అంటావు. పట్టాసని ముందు అనింది నేనే. కుళ్లుతో అన్నా."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తానే ఉంటిని గదా, వారం వారం. కోమలకి చెప్తే ఏడుస్తది. నీ ఈ పక్క చెవిలో చెప్తే చెప్పినట్టూ ఉంటది, చెప్పనట్టూ ఉంటది."

నేను ఆ కాలు కోసం ఏడ్చినన్నాళ్లూ అతను నా చెవి పక్కన కూర్చుని నా గేటు కోసం ఏడ్చాడు. ఓదార్చడం నాకు చేతకాదు. ఆ రబ్బరు చెప్పు గుర్తొచ్చింది. దాని తరువాతి సంగతి నేను ఎవరికీ చెప్పలేదు, అంత చిన్న విషయం ఎవరు వింటారని. అతనికి చెప్పాను. మర్నాడు పొద్దున ఆ ఆడమనిషి ఒంటి చెప్పుతోనే గేటు దగ్గరికి వచ్చింది. మమ్మల్ని అందరినీ వరసగా చూస్తూ వాళ్ల భాషలో కడిగేసింది. చెప్పు కాలికి వేసుకుని, వెళ్లిపోయింది.

దేవరాజు నా వైపు తిరిగాడు. "తిట్టిందా?"

"బాగా తిట్టింది."

"తీసుకోని పోయిందా?"

"పోయింది."

తల ఊపుతూ ఉండిపోయాడు. కళ్లలో నీళ్లు తుడుచుకోలేదు, నేనూ చూడనట్టు నటించలేదు.

ఇప్పుడు పొద్దున లేచినప్పటి నుంచి పడుకునేదాకా ఎయిడ్ ఉంటుంది. మనలిలో గేటు డ్యూటీ మళ్లీ ఇచ్చారు, సైరన్ దిక్కు చెప్పడానికి పక్కన ఇంకొకరు ఉండేట్టు. కూత ఉంది. దేవరాజు ఒక మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లడం మొదలుపెట్టాడు, నేనూ తోడు వెళ్తాను. నా ఓర్వలేనితనం పూర్తిగా పోయిందా అంటే పోలేదు. అత్త సూపు లోటా ముందు అతని చేతికే ఇస్తుంది, నా చూపు ఇప్పటికీ ఆ లోటా వెంటే పోతుంది.

చదివేవాళ్లకు ఒక్క మాట. పెద్ద చప్పుడు తరువాత చెవిలో కూత మర్నాటికీ ఆగకపోతే అదే రోజు ఈఎన్‌టీ దగ్గరికి వెళ్లండి, మాటల పరీక్ష పెడితే మీకు ఏ భాషలో అర్థాలు వస్తాయో ఆ భాషలోనే పెట్టమని అడగండి.

దేవరాజు ఇప్పుడు నా ఎడమవైపే కూర్చుంటాడు, ఎయిడ్ ఉన్నా సరే. తన మాట చెప్పుకున్న రోజు చెప్పుకుంటాడు. చెప్పుకోలేని రోజు కాసేపు వీధిలోకి చూసి, "అన్నా, ఆ చెప్పు సంగతి చెప్పు" అంటాడు.